పదకొండో నిబంధన

ముప్పై ఒక్క కాలనీ సంఘాలకు ఆమె మీటింగక్క. అసలు పేరు ఆయా సంఘాల రిజిస్ట్రేషన్ కాగితాల మీద, ‘తయారుచేసినవారు’ అన్న గడిలో తప్ప ఎక్కడా కనిపించేది కాదు. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే భర్త కూడా ఇంటికి ఎవరైనా వస్తే, “కూర్చోండి, మీటింగక్క వంటింట్లో ఉంది. టీ ఎంతమందికో తీర్మానం చేసి వస్తుంది” అని ఏడిపించేవాడు.

ఆమె పనిచేసే సంస్థ ప్రింటింగ్ ప్రెస్సు మీద ఉన్న ఒకే ఒక్క గది. కింద యంత్రం తిరిగినంతసేపూ పైన బల్ల మీద గాజు గ్లాసులు సన్నగా వణుకుతూ ఉండేవి. వీధిలో కుళాయి కావాలని ఉన్నా ఎవరిని ఎలా అడగాలో తెలియని మనుషులు ఆ గది మెట్లు ఎక్కి వచ్చేవారు. ఆమె వాళ్లకు సంఘం పెట్టించేది. నియమావళి రాసిపెట్టేది. అధికారి ఎదుట నీళ్లు నమలకుండా మాట్లాడటం అధ్యక్షులకు నేర్పేది. ఆ తర్వాత వీధివాళ్లందరినీ కూర్చోబెట్టి, గోడకు అట్టరంగు కాగితాలు అంటించి, “అయిదేళ్ల తర్వాత మీ వీధి ఎలా ఉండాలి?” అని అడిగి, వచ్చిన జవాబులన్నిటినీ ఒక ప్రణాళికగా కూర్చేది. ఆ ప్రణాళికల వల్ల రెండు బళ్లు, ఒక ఆసుపత్రి, లెక్కలేనన్ని దీపస్తంభాలు వచ్చాయి. ఇందులో అతిశయోక్తి లేదు. జరగబోయేది అర్థం కావాలంటే ఆమె చేసిన మేలు ఎంతటిదో ముందు తెలియాలి.

ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక కాలనీలో కుళాయి ఏ మలుపులో పెట్టాలన్న విషయం మీద సభ జరిగింది. “ఈ మలుపులో కావాలన్నవాళ్లు చెయ్యెత్తండి” అని ఆమె అడిగింది. సగంమంది ఎత్తారు. ఎత్తినవాళ్లెవరో ఎత్తనివాళ్లు చూశారు. పావుగంటలో ఒకాయన భుజం మీద ప్లాస్టిక్ కుర్చీ విరిగింది, నాలుగు కుట్లు పడ్డాయి. ఆ రాత్రంతా ఆలోచించి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. అనుకూలంగా ఉన్నవాళ్లను అడగకూడదు. అభ్యంతరం ఉన్నవాళ్లనే అడగాలి. పదిమందిలో ఒంటరిగా చెయ్యెత్తి చెడ్డవాడు కావాలని ఎవరికీ ఉండదు. అయిదు అంకెలు లెక్కపెట్టి, చెయ్యి లేవకపోతే ‘ఏకగ్రీవం’ అని రాసేస్తే సరి.

ఆ ఉపాయాన్ని ఆమె నోటిమాటగా వదల్లేదు. ప్రతి సంఘం నియమావళిలోనూ పదకొండో నిబంధనగా ఎక్కించింది: “ఏ తీర్మానంపైనైనా అభ్యంతరం తెలుపని సభ్యులు దానికి అంగీకరించినట్లు భావించవలెను.” పద్దెనిమిదేళ్లలో మళ్లీ కుర్చీ విరగలేదు. తగవు లేకపోవడాన్నీ ఒప్పుకోవడాన్నీ ఒకే గాటన కట్టిన ఆ వాక్యాన్ని చూసి అధికారులు మురిసిపోయారు. ఎందుకు మురిసిపోరు? నోరు మెదపని జనాన్ని అంగీకరించిన జనంగా మార్చే మంత్రాన్ని, ఆ జనం మేలు కోరిన మనిషే రాసి, రిజిస్టరు చేయించి అధికారుల చేతికి ఇచ్చింది.

కాలువ వీధిలో నూట నలభై ఇళ్లున్నాయి. వాననీటి కాలువ గట్టు పొడుగునా ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టుండే ఇళ్లు. సంఘానికి అధ్యక్షుడు రిటైరైన కాంపౌండరు. ఎవరైనా వీధి సమస్య చెప్పబోతే ముందు నాలుక చాపమనే అలవాటు ఆయనకు ఇంకా పోలేదు. ఆ ఏడాది అయిదేళ్ల ప్రణాళిక సభ గ్రంథాలయం పఠన మందిరంలో పెట్టారు. ఎనిమిది అంశాలు. ఏడు వీధివాళ్లు కోరుకున్నవి: గట్టుకు ఇనప కంచె, దీపాలు, పిల్లలకు ఆటస్థలం, ఇలాంటివి. ఎనిమిదోది ప్రాజెక్టు అధికారి పంపినది: “వరద నివారణ నిమిత్తం కాలువ విస్తరణకు సంఘం సహకరించును.”

అధికారి స్వయంగా వచ్చాడు. చొక్కా మీద ఒక్క మడత లేదు. ముందు వరుసలో కుర్చీ వేయబోతే వద్దని, వెనక బల్ల మీదే కూర్చుని, పక్కన ఉన్న ముసలివాళ్లను మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయని అడిగాడు. కాలువ ఎంత వెడల్పు చేస్తారని ఎవరూ అడగలేదు. ఎంతని ఆయనా చెప్పలేదు.

రెండున్నర గంటలు గడిచాయి. పిల్లలు ఏడుస్తున్నారు, ఆడవాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు. మీటింగక్క ఎనిమిదో అంశం చదివి, “అభ్యంతరం ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. ఒకటి, రెండు...” అని మొదలుపెట్టింది.

మూడో వరుసలో బట్టలు కుట్టే ఆవిడ చెయ్యి లేచింది. భుజం దాకా వచ్చింది. ఆవిడ అటు చూసింది, ఇటు చూసింది. ఇంకెవరి చెయ్యీ లేవలేదు. ఆ చెయ్యి అక్కడి నుంచి మెల్లగా వెనక్కి వెళ్లి, జారని జడపిన్నును సర్దుకుంది.

మీటింగక్క చూసింది. చూడలేదని తర్వాత ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. ఆగి, “ఏమ్మా, ఏదో చెప్పబోయావు?” అని అడిగి ఉంటే ఆ మధ్యాహ్నం మరో గంట సాగేది, అంతే. ఆమె, “నాలుగు, అయిదు” అని లెక్క ముగించి, మినిట్సు పుస్తకంలో ‘ఏకగ్రీవం’ అని రాసి కింద గీత గీసింది.

మూడు నెలల తర్వాత కొలత టేపులతో నలుగురు మనుషులు వచ్చారు. వాళ్లు ఎవరితోనూ గొడవపడలేదు. అడిగిన ప్రతివాళ్లకూ నవ్వుతూ “సర్వే అండీ” అన్నారు. సాయంత్రానికి ప్రతి ఇంటి గోడ మీదా ఎర్ర రంగుతో ఒక అంకె ఉంది. ఒకటి మొదలు నూట నలభై దాకా. వీధివాళ్లు సంబరపడ్డారు.

“ఇన్నాళ్లకు మనకూ ఇంటి నంబర్లొచ్చాయి వదినా!”

“నీది తొంభై తొమ్మిదా? ఇంకొక్కటి వేస్తే సెంచరీ కదే.”

ఉత్తరాల కోసమని కొందరు, వరద సాయం కోసమని కాంపౌండరు చెప్పుకున్నారు. మీటింగక్క మాత్రం ఆ వీధి గుండా నడుస్తూ అంకెలు చూడలేదు, అంకెల కింద ఉన్న బాణం గుర్తులు చూసింది. ప్రతి బాణమూ కాలువ వైపు నుంచి ఇంటి వైపు తిరిగి ఉంది. కాలువ వెడల్పు ఇల్లు దాటి ఎక్కడ ఆగుతుందో తెలియజేసే రెండో గుర్తు కోసం ఆమె వెనక సందులోకి వెళ్లి వెతికింది. అది ఇళ్ల వెనక గోడలకు అవతల, రోడ్డు అంచున ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆమెకు ఫోను వచ్చింది.

“మీ మినిట్సు ఎంత పద్ధతిగా ఉన్నాయండీ!” అన్నాడు అధికారి. “నమూనాగా పెట్టుకుని మిగతా వీధులకూ ఇలాగే చేయమని మావాళ్లకు చెప్పాను. మీలాంటివాళ్లు ఇంకో పదిమంది ఉంటే మా పని సగం తగ్గిపోతుంది.”

“సార్, ఆ బాణం గుర్తులు...”

“అవి ఇంజినీర్ల భాషండీ. మనకెందుకు?” అని ఆయన మెత్తగా నవ్వి ఫోను పెట్టేశాడు.

నోటీసు గ్రంథాలయం తలుపుకు అంటించారు. బట్టలు కుట్టే ఆవిడ దాన్ని ఊడదీసి, మెడలో కొలత టేపు కూడా తీయకుండా ప్రెస్సు మీది గదికి పట్టుకొచ్చింది. బల్ల మీద పరిచి, వేలు పెట్టి చూపించింది. విస్తరణకు నూట నలభై నివాసాలు తొలగించబడును. నివాసులకు ఊరి చివర స్థలం చూపబడును. సంఘం ఏకగ్రీవంగా అంగీకరించినందున ఇంటింటి విచారణ అవసరం లేదు. అప్పీలుకు గడువు పదిహేను రోజులు.

“చదివావా అక్కా?”

“చదివాను.”

“ఏకగ్రీవం అంటే ఏంటక్కా?”

“అందరూ ఒప్పుకున్నారని.”

“అందరూ అంటే నేను కూడానా?”

కింద యంత్రం ఆగింది. గ్లాసుల వణుకు కూడా ఆగింది. మీటింగక్క తల వంచుకుంది.

“నా మొహం చూసి చెప్పక్కా. ఆ రోజు నా చెయ్యి చూశావా, లేదా? చూడలేదని చెప్పు, నా పాపం నాదేనని పోతాను. ఎత్తినదాన్ని దించుకున్నది నేనే కదా.”

“చూశాను.”

బట్టలు కుట్టే ఆవిడ నోటీసు మడిచి బల్ల మీదే పెట్టింది. “అయితే ఆ మాటే ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పు” అని మెట్లు దిగిపోయింది.

తీర్మానం చెల్లదనడానికి చట్టంలో ఒక్కటే దారి ఉంది. దాన్ని నమోదు చేసిన మనిషే, సభలో కనబడిన అభ్యంతరాన్ని తాను నమోదు చేయలేదని ప్రమాణపత్రం ఇవ్వాలి. ఈ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. మర్నాటి నుంచే ఒక్కొక్కరుగా వచ్చారు.

ముందు కాంపౌండరు. “అమ్మాయ్, తొందరపడకు. జ్వరం వచ్చిందని కాలు తీసేస్తామా? ఇచ్చే స్థలమేదో కాస్త దగ్గర్లో ఇవ్వమని అడుగుదాం. నువ్వు అబద్ధం రాశానన్నావనుకో, పక్కన సంతకం పెట్టిన నా బతుకేం కావాలి?”

తర్వాత వేరే కాలనీల అధ్యక్షులు ముగ్గురు కలిసి వచ్చారు. వాళ్లలో పెద్దావిడ, “నీ మినిట్సు మీదే మా బడి కట్టారు తల్లీ. నీ రాత మీద నువ్వే మట్టి పోస్తే రేపు మా బడికి దిక్కెవరు?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

చివరగా అధికారి ఫోను. అదే మెత్తటి గొంతు. “మీ ఇష్టమండీ, మనస్సాక్షి ఎవరికైనా ఉంటుంది. కాకపోతే ఒక్క తీర్మానం తప్పని మీరే అంటే, మిగతా ముప్పై సంఘాలవీ ఒప్పని మేం ఎలా నమ్మాలి? తనిఖీ చేయక తప్పదు కదా. నేను బెదిరించడం లేదు. నియమాలు చెబుతున్నాను.”

ఆ సాయంత్రం భర్త చేతులకంటిన గ్రీజు కిరసనాయిలుతో తుడుచుకుంటూ అంతా విన్నాడు. ఆ రోజు ఏడిపించలేదు.

“బ్రేకు పడటం లేదని తెలిసీ బండిని బయటికి పంపితే మా డిపోలో ఏమంటారో తెలుసా?”

“ఏమంటారు?”

“ఏమీ అనరు. మెకానిక్కు పేరు రాసుకుంటారు.”

పన్నెండో రోజున, వీధివాళ్ల అప్పీలుతో పాటు ఆమె ప్రమాణపత్రం దాఖలు చేసింది. ‘చూడలేదు’ అని రాయమని సంస్థ న్యాయవాది సలహా ఇచ్చాడు, అలా అయితే తప్పు చిన్నదవుతుందన్నాడు. ఆమె ‘చూసి, నమోదు చేయలేదు’ అనే రాసింది. సంస్థ ఆమెను ఆ వారమే పనిలోంచి ఆపేసింది. మిగతా సంఘాల మినిట్సు పుస్తకాలన్నీ తనిఖీకి పంపాలని ఉత్తర్వు వచ్చింది. ముప్పై బైండు పుస్తకాలు గోనెసంచుల్లో ప్రెస్సు మెట్లు దిగుతుంటే ఆమె రోడ్డుకు అవతల నిలబడి చూసింది.

అప్పీలు నెగ్గింది. పాత తీర్మానం రద్దయింది. పదిహేను రోజుల్లో సభ మళ్లీ జరపాలి, ప్రతి ఇంటి అభిప్రాయమూ విడివిడిగా అడిగి నమోదు చేయాలి, సంఘం నియమావళి ప్రకారం ఫలితం తేల్చాలి. కాలువ వీధిలో ఆ రోజు ఆమెను ఎత్తుకున్నంత పని చేశారు. ఆమె ఉత్తర్వును రెండోసారి చదివి, చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. సంఘం నియమావళి ప్రకారం. అందులో పదకొండో నిబంధన చెక్కుచెదరకుండా ఉంది. తన మినిట్సును తప్పని చెప్పింది గాని, తన నిబంధనను తప్పని చెప్పాలని ఆమెకు తోచలేదు. దాన్ని సవరించాలంటే ఇరవై ఒక్క రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలి. ఆ గడువు కూడా ఆమె రాసినదే, ఎవరూ హడావిడిగా నియమాలు మార్చి పేదవాళ్లను మోసం చేయకూడదని.

కాబట్టి మిగిలింది ఒక్కటే. నూట నలభై ఇళ్లలో కనీసం డెబ్భై ఒక్కటి నోరు తెరిచి వద్దనాలి. ఆమె, బట్టలు కుట్టే ఆవిడ కలిసి ఇంటింటికీ తిరిగారు.

“ఊరికే కూర్చుంటే కుదరదు బాబాయ్. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే రాస్తారు. మీ నంబరు పిలవగానే గట్టిగా ‘ఒప్పుకోను’ అనాలి. ఏదీ, ఒకసారి అనండి.”

నాలుగో నంబరు ఇంట్లో తాళాలు బాగుచేసే పెద్దాయన, చేతిలోని ఆకురాయి కింద పెట్టి, గొంతు సవరించుకుని, “ఒప్పుకోను!” అని కేకేశాడు. పక్కింటి కుక్క మొరిగింది. అందరూ నవ్వారు.

“అబ్బో, అధికారి పారిపోతాడు!” అంది బట్టలు కుట్టే ఆవిడ.

నవ్వని ఇళ్లూ ఉన్నాయి. “నువ్వే కదమ్మా, చెయ్యెత్తితే గొడవలొస్తాయని అప్పట్లో చెప్పావు?” అని ఒక ఇల్లాలు నిష్ఠూరంగా కాదు, నిజంగా అర్థం కాక అడిగింది. మీటింగక్క తప్పు చెప్పానని ఒప్పుకుంది. తిరిగి తిరిగి కాళ్లు వాచాయి. పదమూడో రోజుకు ఆమె లెక్కలో ఎనభై ఎనిమిది ఇళ్లు తేలాయి.

సభ అదే పఠన మందిరంలో. ఈసారి నిర్వహించేది అధికారి. ఆమె కాలువ వీధి నివాసి కాదు గనక తలుపు దగ్గర నిలబడటానికి మాత్రం అనుమతించారు, మాట గాని, సైగ గాని చేయరాదన్న షరతు మీద. బల్ల మీద పెద్ద కాగితం, అందులో మూడు గడులు: అంగీకారం, అభ్యంతరం, ఏమీ చెప్పనివారు. అధికారి ముందుగా అందరినీ కుశలం అడిగాడు. ఎవరి మీదా ఒత్తిడి లేదన్నాడు. “ఇష్టం లేనివాళ్లు మాట్లాడక్కర్లేదు, మీ హక్కది” అని దయగా చెప్పాడు. తర్వాత నంబర్లు పిలవడం మొదలుపెట్టాడు.

ఒకటి. కాంపౌండరు. “అంగీకారం” అన్నాడు, నేల చూస్తూ. రెండు, మూడు, “ఒప్పుకోం” అన్నారు.

“నాలుగు.”

తాళాల పెద్దాయన లేచి నిలబడ్డాడు. అధికారి ఆయన మొహంలోకి చూసి, “మోకాలెలా ఉంది పెద్దాయనా? కూర్చునే చెప్పండి” అన్నాడు. పెద్దాయన నోరు తెరిచాడు. అలాగే కొంతసేపు ఉండి, తల తిప్పి తలుపు వైపు చూశాడు. మీటింగక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది. సైగ చేయరాదు. ఆమె కనురెప్ప కూడా కదపలేదు. ఆయన కూర్చున్నాడు. మూడో గడిలో ఒక గీత పడింది.

ఆ తర్వాత లేచిన ప్రతి ముగ్గురిలో ఒకరు అలాగే తలుపు వైపు చూశారు. పద్దెనిమిదేళ్లుగా ఆమె లెక్కపెట్టడం ముగించేదాకా ఆగడమే వాళ్లకు తెలిసిన సభ. ఆమె లెక్కపెట్టలేదు. వాళ్లు కూర్చున్నారు. బట్టలు కుట్టే ఆవిడ తన నంబరు పిలవక ముందే లేచి, “ఒప్పుకోను, రాసుకో!” అని గది దద్దరిల్లేలా అరిచింది. కొందరు ఉలిక్కిపడ్డారు. ఒకావిడ, “ఎందుకే అంత అరుపు?” అని కొంగు పట్టుకుని కిందికి లాగింది.

గంటన్నర తర్వాత అధికారి కాగితం చదివాడు. అభ్యంతరం అరవై నాలుగు. అంగీకారం ఇరవై ఒకటి. ఏమీ చెప్పనివారు యాభై అయిదు. ఆయన నియమావళి తెరిచి, పదకొండో నిబంధనను కామాలతో సహా నెమ్మదిగా చదివి, యాభై అయిదును ఇరవై ఒకటికి కలిపాడు. డెబ్భై ఆరు. తీర్మానం ఆమోదం పొందింది, ఇళ్లు ఖాళీ చేయడానికి ముప్పై రోజుల గడువు. మళ్లీ అప్పీలుకు వెళ్లడానికి ఎవరికీ తప్పు దొరకనంత శుభ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా, కాగితం మీద సంతకాలు పడ్డాయి.

జనం కుర్చీలు మడిచి గోడకు ఆనించారు. బట్టలు కుట్టే ఆవిడ మీటింగక్క పక్క నుంచే నడిచి వెళ్లింది, ఆగలేదు.

తాళాల పెద్దాయన మాత్రం కుంటుతూ తలుపు దాకా వచ్చాడు. మొహం తేటగా ఉంది, గండం గడిచి బయటపడ్డవాడిలా. గొంతు తగ్గించి అడిగాడు:

“అమ్మాయ్, నేను ఎటూ చెప్పలేదు చూశావుగా? వాళ్ల వైపూ కాదు, వీళ్ల వైపూ కాదు. అందుకని మా ఇంటి జోలికి రారు కదా?”

ఇప్పుడు షరతులేవీ లేవు, అయినా ఆమె వెంటనే జవాబివ్వలేదు. ఆయన ఆమె నిశ్శబ్దాన్ని చూసి, అలవాటు ప్రకారం అవునని అర్థం చేసుకుని, తృప్తిగా తలూపి మెట్ల వైపు తిరిగాడు. అది చూసి ఆమె పరుగున వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

“వస్తారు బాబాయ్” అంది. “ముప్పై రోజుల్లో వస్తారు. ఒకటో నంబరు వైపు నుంచే మొదలుపెడతారు. మీది నాలుగో ఇల్లు.”